గ్రిల్లుదే తప్పు

మా మామయ్య బుద్ధెరిగిన తర్వాత ఒక్క మనిషిని కూడా తప్పుపట్టలేదు. ఆయన దృష్టిలో తప్పులన్నీ వస్తువులవే.

గ్లాసు జారి పగిలితే గ్లాసుని నిలదీస్తాడు. గడప తగిలి ఎవరైనా బోర్లా పడితే గడపకి చీవాట్లు పెడతాడు. పాలు అడుగంటితే గిన్నెని సింకు అంచు మీద నిలబెట్టి, "నీ అడుగు పల్చనని నాకు కొన్ననాడే అనుమానం" అని దులిపేస్తాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్లో కబుర్లలో పడ్డ మనిషి పక్కనే నిలబడి ఉన్నా, ఆ మనిషి వైపు కన్నెత్తి చూడడు. చిన్నప్పుడు నేను బంతి విసిరి వాళ్లింటి కిటికీ అద్దం బద్దలు కొట్టాను. ఆయన బంతిని తెచ్చి బల్ల మీద పెట్టి చెడామడా తిట్టాడు. బంతి తిట్లు తింటున్నంతసేపూ నేను బిస్కెట్లు తిన్నాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. వృత్తి డ్రైవింగు నేర్పడం. నేర్చుకునేవాళ్లు స్టీరింగు దగ్గర వణుకుతూ కూర్చుంటే, పక్క సీట్లో ఈయన కూర్చుంటాడు. ఈయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. అందుకే ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ రెండో బ్రేకు మాస్టారే. నేర్చుకునేవాడు గోడని గుద్దినా, చెత్తడబ్బాని వీధి చివరిదాకా ఈడ్చుకెళ్లినా పల్లెత్తు మాట అనడు. కారు దిగి బానెట్ మీద ఒక్కటి చరిచి, "అంత గోడ కనబడలేదుటే నీకు?" అని కారుని అడుగుతాడు. ఇన్నేళ్లు ఆ బ్రేకు తొక్కి తొక్కి కాలికి అలవాటు ముదిరిపోయింది. ఎక్కడున్నా సరే, కంగారు పుడితే కుడికాలితో నేలని గట్టిగా తొక్కేస్తాడు. మీటింగులో ఉపన్యాసం సాగుతున్నకొద్దీ ఆయన చెప్పు చప్పుడు పెరుగుతూ ఉంటుంది.

వస్తువుల మీద ఇంత అనుమానం ఉన్న మనిషి ఒక వస్తువు కొనాలంటే ఏమవుతుందో ఊహించుకోండి.

"మనుషులన్నాక పొరపాట్లు చేస్తారమ్మడూ. చెయ్యకుండా ఉండమనడం అన్యాయం. తట్టుకోవలసింది వస్తువు" అనేది ఆయన సిద్ధాంతం. కాబట్టి మనం ఇంటికి తెచ్చుకున్నాక చేసే పొరపాట్లన్నీ ఆయన అంగట్లోనే చేసేస్తాడు. భోజనాల బల్లకి కుర్చీలు కొన్నప్పుడు, ఒక్కో కుర్చీకీ వీపు తిప్పి నిలబడి, మొదలు నరికిన చెట్టులా దాని మీద పడ్డాడు. కొట్టువాడు కళ్లు మూసుకున్నాడు. గొడుగు కొన్నప్పుడు దాన్ని పెద్ద పంకా ముందు పట్టుకుని రెండుసార్లు తిరగబడేలా చేశాడు. సూట్‌కేసుని మెట్ల మీంచి తన్ని, తనూ వెనకాలే పరిగెత్తి, కింద దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని కీళ్లన్నీ తడిమి చూశాడు. ఆ కొట్టు మెట్ల దగ్గర ఇప్పుడు గొలుసు కట్టారట.

ఇలాంటి మామయ్య ఇంట్లో, పెరట్లో ఉన్న గ్యాస్ గ్రిల్లు కూలిపోయింది.

ఆ పెరడంటే మా కుటుంబానికి ప్రాణం. ఓ పక్క కుళాయి, ఓ పక్క బట్టలారేసే తీగ, మధ్యలో గచ్చు మీద గ్రిల్లు. దాని ముందు మా అత్తయ్య. ఆవిడ కాల్చిన చేప తిన్నవాళ్లు మర్నాడు ఏదో ఒక వంక పెట్టుకుని మళ్లీ వస్తారు. ఆ రోజు మేమందరం పళ్లేలు పట్టుకుని కూర్చున్నాం. అత్తయ్య మూత ఎత్తబోయింది. ధడేల్మని మూత పడింది, తుప్పు పట్టిన కాలు పుటుక్కుమంది, గ్రిల్లు మోకాళ్ల మీద కూలబడింది. కోడి ముక్కలు పూలమొక్కల్లోకి దొర్లాయి.

మామయ్య ఎగిరి వచ్చి ముందు సిలిండరు కట్టేశాడు. తర్వాత చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "సిగ్గులేదూ నీకు? ఇంతమంది ఆకలి మీద ఉంటే ఇప్పుడా కూర్చోవడం?"

గ్రిల్లు నోరెత్తలేదు. అత్తయ్య మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని, "పోనీలెండి. నాకూ ఈ కాల్చడాలంటే విసుగు పుట్టింది. వచ్చే ఆదివారం మా అక్కయ్యవాళ్లని రమ్మన్నాను కదా, వద్దని ఫోన్ చేసేస్తా" అంది.

మేం తెల్లబోయాం. అత్తయ్యకి విసుగా? వాన చినుకులు పడుతుంటే నెత్తిన పళ్లెం పెట్టుకుని మొక్కజొన్న పొత్తులు కాల్చిన మనిషికి విసుగా?

మామయ్య కుడికాలు నేలని తొక్కింది. "ఎవర్నీ వద్దనక్కర్లేదు. ఆదివారంలోగా కొత్త గ్రిల్లు తెస్తాను. మనం ఉన్నన్నాళ్లూ ఉండేది తెస్తాను."

"మీరా? ఆదివారంలోగానా? ఏ సంవత్సరం ఆదివారం?"

"ఈ ఆదివారమే."

"సరే, శనివారం దీపాలు పెట్టేదాకా చూస్తాను. అప్పటికి పెరట్లో గ్రిల్లు లేకపోతే అక్కయ్యకి ఫోన్ చేసేస్తాను. తర్వాత ఇంకెవరూ నన్ను పెరట్లోకి పిలవకండి" అని లోపలికి వెళ్లిపోయింది.

అత్తయ్య ఒకసారి మానేసిందంటే మళ్లీ మొదలుపెట్టే రకం కాదు. మన చేతిలో ఉన్నది వారం, మనతో ఉన్నది మామయ్య. నా కారులో నేనే తీసుకెళతానని చెప్పాను. ఆయన దగ్గర నేర్చుకున్న డ్రైవింగే కాబట్టి, ఆయన పక్క సీట్లో కూర్చుని దారి పొడవునా లేని బ్రేకుని తొక్కుతూనే వచ్చాడు. నా కారులో ఆ పక్క కాళ్ల కింది మ్యాట్ ఇప్పటికే చిల్లులు పడింది.

మొదటి కొట్టులో అడుగుపెట్టగానే నేను చిన్నపిల్లనైపోయాను. వరసగా గ్రిల్లులు! నల్లవి, వెండిరంగువి, ఎర్రవి, పక్కన బల్లలున్నవి, కింద అలమర్లున్నవి, మూతకి వేడి చూపించే గడియారం లాంటిది బిగించినవి. ఏది చూసినా దాని మీద చేప చిటపటలాడుతున్నట్టే అనిపించింది. సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. పాపం, అప్పటికింకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఎలాంటిది కావాలి సార్?"

"మన్నేది."

"అన్నీ మన్నేవే సార్."

మామయ్య జేబులోంచి అయస్కాంతం తీశాడు. మూత ఎత్తి తల లోపలికి దూర్చాడు. "ఇదిగో, బర్నర్లకి అంటుకుంది. మంచి స్టీలైతే ఇలా కావలించుకోదు. రెండు వానాకాలాలకి జల్లెడైపోతుంది." తర్వాతి దాని మూతని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "రేకుడబ్బా." ఇంకోదాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. దాని కాళ్లు నాలుగు దిక్కులకీ నాలుగు రకాలుగా ఊగాయి. "ఏమోయ్, నిలబడటం రానిదానివి వంట చేస్తావా?" అని అడిగాడు.

"సార్, మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాడు సేల్స్‌మన్.

"నీతో కాదులే బాబూ, నువ్వు మంచివాడివి."

ఇంతవరకూ నాకు పాత మామయ్యే. తర్వాతే కొత్తగా ఉంది. ఆయన పిడికిలి బిగించి, ఆ పిడికిలితోనే గ్యాసు నాబ్ తిప్పబోయాడు. అది తిరగలేదు. మోచేత్తో తోశాడు. తిరగలేదు. తర్వాత చొక్కా చెయ్యి మడిచి, మూత పిడి కిందకి ముంజేతిని పోనిచ్చి ఎత్తబోయాడు. మూత సగందాకా లేచి జారి ధడాలుమంది. కొట్టంతా ఉలిక్కిపడింది. పక్క వరసలో ఎవరో బల్బు జారవిడిచారు.

"సార్! నాబ్ వేళ్లతో పట్టుకుని తిప్పాలి సార్!"

"వేళ్లకి నూనె అంటుకుని ఉంటేనో?"

"తుడుచుకోవాలి సార్."

"ఒక చేతిలో పళ్లెం ఉంటేనో?"

"పళ్లెం కింద పెట్టుకోవాలి సార్."

"చూశావా అమ్మడూ, అన్నీ మనిషే చెయ్యాలట. గ్రిల్లు మాత్రం మహారాణిలా నిలబడుతుందట" అని నావైపు తిరిగాడు. సేల్స్‌మన్ కూడా నావైపే తిరిగాడు, జాలిగా. నేను మామయ్య భుజం పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

వారమంతా ఇదే తంతు. ఈయన ఏ కొట్టుకి వెళ్లినా పిడికిలి, మోచెయ్యి, ముంజెయ్యి. ఒకచోట గడ్డంతో కూడా ప్రయత్నించాడు. ఆ కొట్టు మేనేజరు వచ్చి, ఏమైనా సహాయం కావాలా అని చాలా నెమ్మదిగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఇంటికొస్తే అత్తయ్య, "దొరికిందా?" అని అడిగేది. లేదంటే, "దొరకదులే" అనేది. ఆ అనడంలో ఒకరకమైన నిశ్చింత ఉంది. అది నాకు అసలు నచ్చలేదు.

శనివారం సాయంత్రం ఆఖరి కొట్టు. పెద్ద గోదాములాంటిది. అక్కడ గ్రిల్లుల దగ్గర ఉన్న సేల్స్ అమ్మాయి మమ్మల్ని తిన్నగా ఒక గ్రిల్లు దగ్గరికి తీసుకెళ్లింది. దాన్ని చూసి నేను ప్రేమలో పడ్డాను, దాచుకోవడమెందుకు! మెరిసే స్టీలు, మందపాటి పోత ఇనుము జాలీ, బోల్టులు లేకుండా అతుకు పెట్టిన కాళ్లు, కింద నూనె పట్టే పళ్లెం.

అయస్కాంతం పెడితే జారిపోయింది. మామయ్య కనుబొమలు లేచాయి. మూత మీద కొడితే గంట మోగినట్టు మోగింది. కనుబొమలు ఇంకా లేచాయి. ఊపితే, గ్రిల్లు కదల్లేదు, ఆయనే ఊగాడు. నేను ఊపిరి బిగబట్టాను. సేల్స్ అమ్మాయి కూడా పనులు మానేసి చూస్తోంది.

ఆయన పిడికిలితో నాబ్ మీద నొక్కాడు. తిరగలేదు.

"వద్దు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వద్దా? మామయ్యా, మీకు పుణ్యముంటుంది! ఇది మీ మనవలు కూడా వాడతారు. పొద్దు గూకుతోంది. అత్తయ్య ఈపాటికి ఫోన్ దగ్గర కూర్చుని ఉంటుంది. నాబ్ పిడికిలితో తిప్పేవాళ్లు లోకంలో ఎవరున్నారు?"

ఆయన కుడికాలు నేలని తొక్కింది. మళ్లీ తొక్కింది. అయస్కాంతాన్ని జేబులో వేసుకుని గుమ్మం వైపు నడిచాడు.

అప్పుడు సేల్స్ అమ్మాయి సందేహిస్తూ, "సార్, వెనకాల ఒకటుంది. క్యాంటీన్లవాళ్ల కోసం తయారైంది. ఇళ్లకి ఎవరూ తీసుకోరు. చూడ్డానికి అస్సలు బాగుండదు" అంది.

నిజంగానే బాగాలేదు. తడిసిన గోనెసంచి రంగు. పొట్టిగా, వెడల్పుగా, ఎవరి మీదో అలిగి మూలన కూర్చున్నట్టుంది. నాబ్‌ల స్థానంలో అరచెయ్యంత పొడుగు మీటలు. మూతకి ఈ చివర నుంచి ఆ చివరకి లావుపాటి కడ్డీ. మామయ్య అయస్కాంతం పెట్టాడు, జారింది. కొట్టాడు, ఊపాడు, పక్క బల్ల మీద ఎక్కి కూర్చున్నాడు. అది కిమ్మనలేదు.

పిడికిలితో మీట నొక్కి పక్కకి తోశాడు. టక్! తిరిగింది.

మోచేత్తో తోశాడు. టక్!

కడ్డీ కింద ముంజెయ్యి పెట్టి లేపాడు. మూత మెత్తగా పైకి లేచింది. మధ్యలో వదిలేశాడు. నేను చెవులు మూసుకున్నాను. మూత పడలేదు! ఎక్కడ వదిలాడో అక్కడే గాల్లో ఆగి ఉంది.

"అమ్మడూ!" అని ఆయన వేసిన కేకకి కొట్టు దద్దరిల్లింది. "ఇదీ మనిషంటే! ఇదీ!"

"గ్రిల్లు సార్" అంది సేల్స్ అమ్మాయి చప్పట్లు కొడుతూ. నేనూ కొట్టాను. ఎందుకు కొడుతున్నానో నాకే తెలీదు, ఆ సంతోషం అలాంటిది.

డిక్కీ తెరిచి, గ్రిల్లుని పడుకోబెట్టి, తాళ్లతో కట్టి బయల్దేరాం. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. నేను అలవాటుగా నెమ్మదిగా పోతున్నాను. పక్కన ఆయన కుడికాలు నేలని అదుముతూనే ఉంది.

"తొక్కు!" అన్నాడు.

"ఏది, బ్రేకా?"

"బ్రేకెందుకే! పోనీ, పోనీ! మీ అత్తయ్య ఫోన్ చేసేస్తుంది!"

నా డ్రైవింగు చరిత్రలో మామయ్య యాక్సిలరేటర్ తొక్కింది ఆ ఒక్క సాయంత్రమే.

మేం వెళ్లేసరికి అత్తయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "అక్కయ్యా, రేపటి సంగతి…" అంటోంది. మామయ్య గుమ్మంలోంచే, "రేపు రమ్మను! పెందలాడే రమ్మను! ఖాళీ కడుపులతో రమ్మను!" అని అరిచాడు. అవతలివాళ్లకి ఫోన్ అవసరం లేకుండానే వినబడి ఉంటుంది. అత్తయ్య పెరట్లోకి వచ్చి చూసింది. గోనెసంచి రంగు చూసి మొహం చిట్లించింది. "దీనికోసమా వారం తిరిగారు?"

"రేపు మాట్లాడు" అన్నాడు ఆయన.

ఆదివారం పొద్దున్నే గ్యాసు గొట్టానికి సబ్బునురగ రాసి, బుడగ లేస్తుందేమోనని ముక్కు ఆనించి చూశాడు. బుడగలు రాలేదు. అత్తయ్య అక్కచెల్లెళ్లు వచ్చారు, మా అమ్మానాన్నా వచ్చారు. వచ్చినవాళ్లందరూ గ్రిల్లుని చూసి నవ్వారు. మామయ్య పట్టించుకోలేదు, కుళాయి దగ్గర నిలబడి కడిగిన పళ్లేలనే మళ్లీ కడుగుతున్నాడు.

అత్తయ్య అయిష్టంగానే గ్రిల్లు దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి, క్షణం ఆగింది. తర్వాత పిడికిలితో మీటని నొక్కి తోసింది. టక్. మంట అంటుకుంది. ముంజెయ్యి కడ్డీ కింద పెట్టి మూత ఎత్తింది. మధ్యలో వదిలేసింది. మూత ఆగింది.

ఆవిడ పక్కనే నూనెగిన్నె పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్లు జల్లుమంది. వారం రోజులు కొట్టుకొట్టుకీ తిరిగి ఆయన చేసింది సరిగ్గా ఇదే.

"అత్తయ్యా, నీ వేళ్లు…" అన్నాను మెల్లగా.

"గట్టిగా పట్టు రావడం లేదే. కొన్నాళ్లుగా ఇంతే. పొద్దున్న పూట మరీనూ" అంది ఆవిడ, నావైపు చూడకుండా. "ఆ రోజు గ్రిల్లు దానంతటది కూలలేదు. నా చేతిలోంచే మూత జారింది, ఆ దెబ్బకి కాలు విరిగింది. ఎవరికీ చెప్పలేదు. మీ మామయ్యకి కూడా. నువ్వూ చెప్పకు, ఆయన బెంగపడతాడు."

"మామయ్యకి తెలుసు."

అత్తయ్య చేతిలో పట్టుకారు ఆగిపోయింది. "తెలుసా? ఏమన్నాడు?"

"ఒక్క మాట కూడా అనలేదు. ఏ కొట్టుకెళ్లినా నాబ్‌లన్నీ పిడికిలితోనే తిప్పారు. అందరూ పిచ్చివాడనుకున్నారు. నేనూ అనుకున్నాను."

అత్తయ్య కుళాయి వైపు చూసింది. ఆయన తడిపళ్లెం తిప్పి తిప్పి చూస్తూ దానికేదో సుద్దులు చెబుతున్నాడు. అత్తయ్య కళ్లు తళుక్కుమన్నాయి. వెంటనే పొగ, పొగ అంటూ భుజంతో తుడుచుకుంది. అప్పటికింకా గ్రిల్లు మీద ఏమీ పెట్టలేదు.

నేను పెరటంతా కొత్తగా చూశాను. మా నాన్న లావుపాటి మనిషి. ఒకరింట్లో పదిమంది ముందు కుర్చీ విరిగి పడ్డాక ఎక్కడికెళ్లినా నిలబడే తినేవాడు. ఈ ఇంట్లో మాత్రం ధీమాగా కూర్చుంటాడు. ఆ కుర్చీల మీద మామయ్య ముందే పడి చూశాడు మరి. గొడుగు మా అమ్మ కోసం. ఆవిడ ఏ గొడుగు పట్టుకున్నా గాలికి తిరగబడుతుంది. వస్తువుల్ని తిట్టే మా మామయ్యకి మా అందరి చేతగానితనాలూ కంఠతా వచ్చు. ఒక్కటీ పైకి అనకుండా, వాటిని మోయగల వస్తువుల కోసం తిరుగుతాడంతే. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, నూనె ఒలికిపోయేదే.

ఆ తర్వాత అత్తయ్యని ఆపడం ఎవరితరమూ కాలేదు. చేపలు చిటపటలాడాయి, కోడి ముక్కలు ఎర్రగా వేగాయి, మీటలు టక్కు టక్కుమంటూనే ఉన్నాయి. పాత అత్తయ్య తిరిగొచ్చింది. "నువ్వు రెండో ముక్క తీసుకోలేదేం?" అని అందర్నీ గదమాయించింది. గ్రిల్లుని చూసి నవ్వినవాళ్లు, అది ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

చివర్లో మొక్కజొన్న పొత్తులు మామయ్యకి అప్పగించి, అత్తయ్య తినడానికి కూర్చుంది. ఆయన ఒక చేత్తో పొత్తు తిప్పుతూ, రెండో చేత్తో అయస్కాంతం ఊపుతూ, పెద్ద వదినగారికి బర్నర్ల గుణగణాలు వివరించడం మొదలుపెట్టాడు. వివరణ బాగా సాగింది. పొత్తులు బొగ్గులైపోయాయి.

నల్లటి పొగ చూసి ఆయన గిర్రున తిరిగాడు. చేతులు నడుం మీద పెట్టుకుని, గ్రిల్లు మీదకి వంగి, "ఏమోయ్, నిన్ను నమ్మి…" అని మొదలుపెట్టాడు.

"దాన్నేమీ అనకండి" అంది అత్తయ్య.

అత్తయ్య లేచి వచ్చి గ్రిల్లుకి అడ్డంగా నిలబడింది.

"అది మంచి గ్రిల్లు. కబుర్లలో పడి మాడ్చింది మీరు. తప్పు మీదే."

ఆ ఇంట్లో ఒక మనిషిని పట్టుకుని ఆ మాట అనడం ఎవరూ ఎన్నడూ వినలేదు. మామయ్య గ్రిల్లు వైపు చూశాడు, పొత్తుల వైపు చూశాడు, అత్తయ్య వైపు చూశాడు. ఆయన మొహం నెమ్మదిగా వెలిగింది.

"అవును, నాదే" అన్నాడు.

అత్తయ్య పిడికిలితో మీట తిప్పి మంట తగ్గించింది. మాడిన వాటిలో అన్నిటికంటే నల్లటి పొత్తు ఏరి ఆయన పళ్లెంలో వేసింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, చాలా బాగుందంటూ బెండు కనబడేదాకా తిన్నాడు.